నాలుగో ప్లగ్గు

మా వ్యాను ఇంజనుకు నాలుగు ప్లగ్గులు ఉండేవి. మూడు చేతికి అందేవి. నాలుగోది కంటికి కూడా సరిగా కనపడేది కాదు. డ్రైవరు సీటుకూ పక్క సీటుకూ మధ్యనున్న రేకు మూత ఎత్తితే కింద ఇంజను. మూడు ప్లగ్గులు ముందువైపు వరసగా నిలబడి ఉంటే, నాలుగోది వెనక పొగ గొట్టం వంపు కింద, రేకు గోడకు ఆనుకుని నక్కి ఉండేది. మా ఆయన ఆ వ్యానును పాతదిగానే కొన్నారు. కొన్నప్పటి నుంచీ ఎప్పుడు ప్లగ్గులు మార్చినా మూడే మార్చేవారు. నాలుగోది ఏం చేస్తారని అడిగితే, "అది బాగానే ఉండాది లే" అని మూత మూసేసేవారు.

అవి డెబ్బైల చివరి రోజులు. మద్రాసులో, చూలైలోని ఒక సందులో మా కాపురం. ఇంట్లో మా అత్త, మా ఆయన, నేను. అత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, పదిమంది ఇళ్ళలో వంట చేసి కొడుకును పెంచిన మనిషి. అప్పట్లో మనలి వైపు ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. అక్కడ ఒక కట్టుబడి దగ్గర మన తెలుగు కూలీలు చాలామంది ఉండేవాళ్ళు. చుట్టుపక్కల టీ కొట్టు తప్ప మరేమీ లేదు. వాళ్ళకు మధ్యాహ్నం అన్నం మా ఇంటి నుంచి వెళ్ళేది. అత్త వండేది. మా ఆయన వ్యానులో తీసుకెళ్ళి, వడ్డించి, ఖాళీ గుండిగలతో తిరిగొచ్చేవారు.

ఆ వేసవిలో ఆయనకు కామెర్లు వచ్చాయి. కళ్ళు పసుపు ముద్దలయ్యాయి. డాక్టరు మంచం దిగొద్దన్నాడు. అత్త రోజూ నేల ఉసిరి ఆకు నూరి మజ్జిగలో కలిపి ఇచ్చేది. వ్యాను నడపడం నా మీద పడింది. పెళ్ళయిన కొత్తలో, మైదానంలో సరదాకి ఆయన నా చేతికి స్టీరింగు ఇచ్చారు. ఆయన సరదా నాకు పట్టుదలైంది, లైసెన్సు చేతికొచ్చేదాకా వదల్లేదు. అయితే ఆ లైసెన్సుతో రోజూ అన్నం గుండిగలు మోయాల్సి వస్తుందని నేనూ అనుకోలేదు, ఆయనా అనుకోలేదు. చీర కట్టుకున్న మనిషి వ్యాను నడుపుతుంటే తండయార్‌పేట రోడ్డులో సైకిళ్ళవాళ్ళు కాళ్ళు దించి నిలబడి చూసేవాళ్ళు. మొదట సిగ్గనిపించింది. తర్వాత, వీళ్ళు నిలబడి చూస్తే నాకే దారి వస్తోంది కదా అనుకుని హారను కొట్టి వెళ్ళిపోయేదాన్ని.

ఆయన మంచం పట్టిన కొద్ది రోజులకే వ్యాను కూడా జబ్బు పడింది. నిలిపి ఉంచితే గజగజ వణికేది. రోడ్డు మీద దగ్గుతూ నడిచేది. ఒక శనివారం బేసిన్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు సగంలో ఊపిరి ఆగిపోయినట్టు ఆగిపోయింది. వెనక లారీలు, చేతిబళ్ళు, ఒకటే అరుపులు. గుండిగలో సాంబారు మూత మీదికి పొంగి కారుతోంది. రోడ్డు పక్కన గోనె సంచులు కుడుతున్న మనుషులు నలుగురు లేచి వచ్చి తోశారు. పైకెక్కాక వంతెన దిగుడు సాయంతో ఇంజను మళ్ళీ అందుకుంది.

మనలికి చేరేసరికి మధ్యాహ్నం బాగా దాటిపోయింది. కూలీలు సత్తు పళ్ళేలు ముందు పెట్టుకుని రేకుల నీడలో కూర్చుని ఉన్నారు. ఎవ్వరూ విసుక్కోలేదు. ఇటుకలు మోసే ఒక పెద్దావిడ మాత్రం నా దగ్గరికొచ్చి, "ఏమైందమ్మా, ఆయనకెట్టా ఉంది?" అని అడిగింది. అన్నం ఎందుకు ఆలస్యమైందని అడగలేదు. తగ్గుతోందని చెప్పి, మొదటి గరిటె ఆవిడ పళ్ళెంలోనే వడ్డించాను.

తిరిగొచ్చి సందులో వ్యాను ఆపగానే లోపల మంచం మీది నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఆపొద్దు. ఇంజను అట్టే ఆడనీ."

పడుకునే చెవి పెట్టి విన్నారు. తర్వాత, "మూడు మీదే ఆడతా ఉండాది. ఒక ప్లగ్గు చచ్చింది. గుడ్డ మడత పెట్టి ఒక్కో వైరూ పీకి చూడు. ఏది పీకితే ఇంజను మారదో అదే చచ్చింది" అన్నారు.

మొదటి వైరు పీకాను. ఇంజను ఇంకా కుంటింది. తిరిగి పెట్టాను. రెండోది, మూడోది కూడా అంతే. గొట్టం కింది నుంచి పైకి వచ్చే నాలుగో వైరు పట్టి లాగేటప్పుడు గుడ్డ జారింది. కరెంటు మోచేతి దాకా కొట్టి, తల వెళ్ళి పైరేకుకు తగిలింది. అయినా వైరు మాత్రం ఊడింది. ఇంజను ఉన్నది ఉన్నట్టే ఆడుతోంది. మార్పే లేదు.

"నాలుగోది," అన్నాను లోపలికొచ్చి, నెత్తి రుద్దుకుంటూ.

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు.

సందు చివర షెడ్డున్న మెకానిక్కు మాకు బాగా తెలిసినవాడు. సాయంత్రం వచ్చి, పొట్ట మీద పడుకుని, టార్చి వేసి చాలాసేపు చూశాడు. పానా దించబోయాడు. గొట్టానికీ గోడకూ మధ్య అది నిలువుగా దిగలేదు. పక్కగా దూర్చి ఒకసారి పట్టి చూసి చెయ్యి తీసేశాడు.

"అక్కా, ఇది చాన్నాళ్ళుగా ఎవురూ తిప్పలేదు. ఇనుముకి ఇనుము అతుక్కోనుండాది. బలవంతంగా తిప్పితే మెడ దగ్గర విరుగుద్ది. విరిగిందంటే ఇంజను పైనుండే హెడ్డు ఎత్తాల. మంచిగా చేయాలంటే ఇంజను కిందికి దించాల. వారం పడుద్ది."

"వారం కాదన్నా, సోమవారం అన్నం పోవాల."

"నేను చేసి విరిగితే మీ మొకం యాడ చూసేది చెప్పు," అన్నాడు. అతను చెప్పింది న్యాయమే. అతని షెడ్డులో అప్పటికే రెండు బళ్ళు విప్పి ఉన్నాయి. పోతూ పోతూ ఒక కొత్త ప్లగ్గు నా చేతిలో పెట్టి, "నువ్వు చూసుకుంటానంటే చూసుకో. మొదట బిగించే వైపు కొంచెం కదిలించు, ఆనక ఇప్పే వైపు. ఒక్కసారిగా లాగొద్దు" అని చెప్పాడు.

ఆదివారం మాకు సెలవు. మనలిలో పని ఉండదు. అంటే ఆ ఒక్క పగలు నా చేతిలో ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడమేమీ లేదు. వంటింట్లో, రోడ్డు మీద పడిన చాకిరీకి మొద్దునిద్ర పోయాను. లేచేటప్పటికే నిర్ణయమైపోయి ఉంది. కాఫీ తాగుతూ అత్తతో, "ఈ పొద్దు నేను ఆ ప్లగ్గు తీస్తాను" అన్నాను.

"నువ్వా? మెకానిక్కే కాదన్నాడు గదా మే?"

"అతను వారం అన్నాడు. కాదనలేదు."

పక్క సీటు బోల్టులు విప్పి సీటు బయట పెట్టాను. ఇంజను మీది గాలి డబ్బా విప్పాను. అప్పుడు కొంచెం చోటు దొరికింది. సైకిలు పంపుతో ప్లగ్గు చుట్టూ ఉన్న మట్టి ఊదేశాను. ప్లగ్గు ఊడాక ఆ మట్టి లోపల పడితే ఇంజనే పాడవుతుందని మా ఆయన మంచం మీది నుంచి చెప్పారు. అంతా బాగానే ఉంది. చెయ్యి పెట్టబోతేనే వచ్చింది తంటా. మణికట్టు దాకా పోయి గాజులు గొట్టానికి తగులుకున్నాయి. పైకి జరిపాను. జారి మళ్ళీ కిందికే వచ్చాయి. రెండోసారి ఒక గాజు టప్పున విరిగి, పెంకు ఇంజను మీద పడింది. దాన్ని జాగ్రత్తగా ఏరేశాను. అదే ప్లగ్గు ఊడి ఉన్నప్పుడు విరిగి ఉంటే?

వ్యాను దిగి, లోపలికొచ్చి, సబ్బు తీసుకున్నాను. అత్తకు అర్థమైపోయింది.

"ఏంది మే చేస్తా ఉండావు?"

"గాజులు తీస్తాను అత్తా. చెయ్యి పోవట్లేదు."

ఆమె మొహం మాడిపోయింది. "మొగుడు మంచాన పడుండాడు. ఇంటి ముందర కూచోని గాజులు తీస్తావా? సందులో జనం ఏమనుకుంటారు? నా కళ్ళ ముందరే తీస్తావా?"

ఆ చివరి మాట దగ్గర ఆమె గొంతు వేరుగా పలికింది. ఆమె చేతులకు గాజులు లేక అప్పటికి ఎన్నేళ్ళో. అవి ఎవరు తీశారో, ఎలా తీశారో ఆమె ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. సబ్బు పట్టుకుని నిలబడిపోయాను. కానీ వెనక్కి పెట్టలేదు.

"తియ్యనీమ్మా," అన్నారు ఆయన లోపలి నుంచి. "నాకేం కాదు."

అత్త నా చేతిలో సబ్బు లాక్కుంది. నన్ను దేవుడి పటం ముందు పీట మీద కూర్చోబెట్టి, చేతులు తడిపి నురగ పట్టించి, ఒక్కో గాజూ నెమ్మదిగా, నాకు గీత పడకుండా, గాజు విరగకుండా జార్చింది. అన్నీ పసుపు కుంకుమల పళ్ళెంలో పెట్టి దాని మీద పువ్వు ఉంచింది. ఒక పసుపు దారం తెచ్చి నా మణికట్టుకు బిగుతుగా కట్టింది.

"తీసింది నేను. నువ్వు కాదు. మళ్ళీ ఏసేదీ నేనే. పో, పో చెయ్యి."

ఇప్పుడు చెయ్యి ప్లగ్గు దాకా వెళ్ళింది. పానా వెళ్ళలేదు. వ్యానుతోపాటు వచ్చిన గొట్టం పానా చాలా పొడుగు. కింద ప్లగ్గుకు తొడగాలంటే పైన గోడ అడ్డం. దాన్ని పొట్టిగా కోయడం తప్ప దారి లేదు. తిప్పే కమ్మీ దూర్చే బెజ్జానికి కొంచెం పైన సుద్దతో గీత గీసి, గుమ్మం రాయి మీద పెట్టి, ఇనుము కోసే రంపం పట్టాను. పానా దొర్లిపోతోంది. అత్త వచ్చి కూర్చుని దాన్ని కాలితో అదిమి పట్టింది. రంపం జారి గీత తప్పినప్పుడల్లా, "కొబ్బరికాయా అది, నెమ్మదిగా కొయ్యి" అనేది. బ్లేడు ఒకటి విరిగింది. ఇంకోటి వేశాను. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది. చివరికి ముక్క తెగి రాయి మీద ఖంగున పడింది. కోసిన అంచు చేతిని గీరకుండా ఆకురాయితో రుద్దాను.

పానా సరిగ్గా కూర్చుంది. బెజ్జంలో కమ్మీ దూర్చి లాగాను. కదల్లేదు. బరువంతా వేసి లాగాను. కమ్మీ వంగింది తప్ప ప్లగ్గు కదల్లేదు. ప్లగ్గు మొదట్లో కిరసనాయిలు పోసి నానబెట్టాం. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి చూశాం. ఏమీ మార్పు లేదు. ఇంజను కాసేపు ఆడిస్తే వేడికి సడలుతుందేమోనని ఆయన అన్నారు. ఆడించి, ఆపి, మళ్ళీ చెయ్యి పెడితే పొగ గొట్టం నా ముంజేతిని కాల్చింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అత్త వెన్న తెచ్చి పూస్తూ, "చాలు మే, రేపు టాక్సీలో ఏసుకోని పోతాం" అంది.

"అన్ని గుండిగలు ఏ టాక్సీవాడు ఎక్కించుకుంటాడు అత్తా?"

నేను వ్యాను లోపల నేల మీద కూర్చుని గొట్టం వెనక ఆ చీకటి సందులోకి చూస్తూ ఉండిపోయాను. విసుగు రాలేదు. ఎందుకో ఆ ప్లగ్గు మీద పంతం పెరిగింది. ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. కమ్మీ లాగినప్పుడు పానా పక్కకు ఒరుగుతోంది. నా బలంలో సగం దాన్ని నిటారుగా పట్టుకోవడానికే పోతోంది. ఒరిగిన పానా ప్లగ్గును తిప్పదు, విరుస్తుంది. ఇది ఒక మనిషి చేసే పని కాదు.

పెరట్లో పాత నీళ్ళ పైపు ముక్క ఒకటి పడి ఉంది. తెచ్చి, వంగిన కమ్మీ తీసేసి లావు కమ్మీ దూర్చి, దానికి పైపు తొడిగాను. పైపు కొస సీటు విప్పిన ఖాళీలోకి వచ్చింది. పానా తిరిగితే తెలిసేలా దాని మీదా పక్క రేకు మీదా ఎదురెదురుగా సుద్ద గుర్తు పెట్టాను.

"అత్తా, మీరు ఈ కొస పట్టుకోండి. నేను లోపల పానాను నిటారుగా పట్టుకుంటాను. నేను చెప్పినట్టు లాగండి."

"నేనా? బండిలోనా?"

"రుబ్బురోలు తిప్పిన చేతులు గదా."

ఆమె కొంగు నడుముకు దోపుకుని వ్యాను ఎక్కింది. అంతకు ముందు ఆమె ఆ వ్యాను ఎక్కడం నేనెప్పుడూ చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని పైపు రెండు చేతులా పట్టుకుంది. నేను పొట్ట మీద వాలి, రెండు చేతులూ లోపలికి పెట్టి పానాను అదిమి పట్టుకున్నాను. మెకానిక్కు చెప్పినట్టు మొదట బిగించే వైపు కొంచెం నెట్టమన్నాను. నెట్టింది. ఏమీ లేదు. ఇప్పుడు ఇటు లాగమన్నాను.

"ఇంకొంచెం... ఇంకొంచెం..."

కిర్రుమని ఒక శబ్దం వచ్చింది. ఇద్దరం బిగుసుకుపోయాం. విరిగిందా, తిరిగిందా? నేను వేళ్ళతో ప్లగ్గు మెడ తడిమాను. గట్టిగానే ఉంది. పానా మీద సుద్ద గుర్తు మాత్రం వెంట్రుక వాసి పక్కకు జరిగింది.

"తిరిగింది అత్తా! తిరిగింది!"

"అరవబాక, పట్టు పట్టు," అంది ఆమె, ఊపిరి బిగబట్టి.

ఆ తర్వాత అంతా ఓర్పు పని. కొంచెం ఇటు, కొంచెం అటు, మళ్ళీ కిరసనాయిలు. తిరిగినంత తిప్పి, పట్టేసిన చోట వెనక్కి తగ్గి, మళ్ళీ తిప్పి. పైపు అక్కర్లేదు అనుకునేదాకా వచ్చాక అత్త చేతులు విదిలించుకుని కూర్చుంది. చివరి మరలు నేను వేళ్ళతోనే విప్పాను. బయటికి తీసి చూస్తే అది ప్లగ్గులా లేదు. కొస అరిగి మొండి అయిపోయింది, ఒళ్ళంతా మసి, నూనె జిగురు. అత్త దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "దీనికా ఇంత తంటా?" అంది.

కొత్తది పెట్టడం ఇంకో పరీక్ష. అంత లోతులో చెయ్యి నిండా పట్టు దొరకదు. మర అడ్డంగా పడితే ఇంజనుకే చేటు. కిరసనాయిలు తోడుకునే రబ్బరు గొట్టం ముక్క కోసి ప్లగ్గు తలకు తొడిగి, గొట్టంతో దించి తిప్పాను. మర అడ్డం పడితే గొట్టం జారి తిరుగుతుంది, ప్లగ్గు పాడవదు. రెండుసార్లు జారింది. మూడోసారి మెత్తగా లోపలికి దిగుతూ పోయింది. ఆ మెత్తదనం వేళ్ళకు తెలిసినప్పుడు కలిగిన సంతోషం ఎవరికి చెప్తే అర్థమవుతుందో నాకు తెలీదు. పానాతో కొంచెమే బిగించాను. మిగతా మూడూ అదివరకే విప్పి శుభ్రం చేసి ఉంచాను. వాటినీ పెట్టి వైర్లు తగిలించాను.

తాళం తిప్పాను. ఇంజను తిరిగి తిరిగి, ఢామ్మని పేలింది. గోడ మీది కాకులన్నీ లేచాయి. ఎదురింటివాళ్ళు బయటికి పరిగెత్తుకొచ్చారు. అత్త గుండె మీద చెయ్యి వేసుకుని గుమ్మంలో కూలబడింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో లోపలి నుంచి ఆయన కేక.

"ఏం కాలేదు! వైర్లు మారిపోయినాయి! మూడోది, నాలుగోది మార్చి పెట్టినావు!"

నిజమే. పీకి సరిగా తగిలించాను. ఈసారి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. వణుకు లేదు, దగ్గు లేదు. ఒకే స్వరం. రేకు మూత మీద పెట్టిన గ్లాసులో నీళ్ళు కూడా నిలకడగా ఉన్నాయి. లోపల మంచం కిర్రుమంది. చూస్తే ఆయన గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉన్నారు. పసుపు కళ్ళతో నవ్వుతున్నారు. అత్త ఆయన్ని తిట్టి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, అదే చేత్తో పళ్ళెం తెచ్చి నా మసి చేతులు తనే కడిగి గాజులు తొడిగింది. దీపాలు పెట్టకముందే ఆ పనంతా అయిపోయింది.

సోమవారం పొద్దున సీటు మళ్ళీ బిగించి గుండిగలు ఎక్కిస్తున్నాం. అత్త ఇస్తిరీ చీర కట్టుకుని వచ్చి ఆ సీటులో కూర్చుంది.

"యాడికి అత్తా?"

"నీతోనే. అన్నం నేనే వండతా ఉండా, తినేవాళ్ళ మొకం ఇంతవరకూ చూడలేదు. నిన్నంతా ఆ మనుషుల కోసరమే గదా నా చేతులు విరగ్గొట్టినావు. వాళ్ళెవురో చూడాల."

బేసిన్ బ్రిడ్జి దగ్గర గేరు మార్చి కాలు నొక్కాను. వ్యాను ఆగకుండా, దగ్గకుండా పైకెక్కింది. అత్త ముందున్న కమ్మీ గట్టిగా పట్టుకుని, కింద రైలు పట్టాలు చూస్తూ కూర్చుంది. వంతెన దిగాక, "లారీవాడికి దారియ్యొద్దు" అంది.

మనలికి వేళకే చేరాం. కూలీలు ఇంకా చేతులు కడుక్కుంటున్నారు. నేను దించుతుంటే అత్త గరిటె తన చేతిలోకి తీసుకుంది. వరస పొడుగునా వంగి వడ్డిస్తూ, ఒక్కొక్కరినీ ఏ ఊరని అడిగింది. శనివారం నన్ను పలకరించిన పెద్దావిడ దగ్గర చాలాసేపు ఆగింది. ఆవిడది మా అత్త పుట్టింటికి దగ్గరి పల్లె అని తేలింది. ఇద్దరూ ఏదో చెరువు గట్టు గురించి, ఎవరివో పొలాల గురించి మాట్లాడుకున్నారు. నేను అన్నం గంపతో వెనక నిలబడి ఉన్నాను. వరసలో మిగిలినవాళ్ళు ఎదురు చూస్తున్నారు.

"అత్తా, మిగతావాళ్ళకు చల్లారిపోతాది," అన్నాను చివరికి.

"వస్తా ఉండా, ఇరు," అంది తమిళంలో ఆగమంటూ. ఆ పెద్దావిడ పళ్ళెంలో ఇంకో గరిటె పప్పు పోసి, పక్క పళ్ళెం దగ్గరికి జరిగింది.